కాటా ఎక్కిన మగ్గం బరువులు

అది 1968వ సంవత్సరం. విజయనగరం దగ్గర ఒక జనపనార మిల్లులో నేను ఆడకూలీల మీద సర్దారుగా ఉండేదాన్ని. సర్దారు అంటే పెద్ద ఉద్యోగమేమీ కాదు. ఎవరు పనికొచ్చారు, ఎవరు రాలేదు, ఎవరు చుట్ట కాల్చుకోవడానికి గోడౌను వెనక్కి పోయారు, ఇవి చూసుకోవడమే. అప్పటికి నాకు ఒక్క అక్షరం రాదు. ఈ రాత అంతా ముసలితనంలో మనవరాలి పలక మీద దిద్దుకున్నది. అందుకని మెలికలు లేకుండా చెప్తాను.

ఆ ఏడాది కృష్ణా జిల్లా నుంచి కొత్త వెల్ఫేర్ ఆఫీసరు వచ్చారు. కూలీల బాగోగులు చూడడం ఆయన పని. అంతకుముందున్నాయన పండక్కి మిఠాయి పంచి ఊరుకునేవాడు. ఈయన అలా కాదు, మాకోసం ఒక ఆరోగ్య కార్యక్రమం పెట్టారు. పొద్దున్నే కసరత్తు, తర్వాత డాక్టరు పరీక్ష, తూకం, బరువు చాలనివాళ్లకి రోజూ గ్లాసుడు పాలు, ఉడకబెట్టిన గుడ్డు. రోజంతా నార మోసేవాళ్లకి కసరత్తు ఎందుకని అడిగాను. "అది శ్రమ, ఇది వ్యాయామం" అన్నారు. రెండింట్లోనూ కారేది చెమటే కదా అనుకున్నాను.

ఈ సంగతి అందరికీ తెలియాలని ఆయన ఒక పెద్ద బొమ్మ వేయించి గేటు దగ్గర అంటించారు. బొమ్మలో ఇద్దరు మనుషులు. ఒకడు ఎముకల గూడు, వాడి మీద ఎర్ర రంగుతో పెద్ద ఇంటూ గుర్తు. పక్కనున్నవాడు గుండ్రాయిలా ఉండి నవ్వుతున్నాడు. కింద ఏవో నాలుగు వరసలు రాశారు. చదివే తీరిక మాకు లేదు, చదువు అసలే లేదు.

ఇక్కడ మా మిల్లు పద్ధతి ఒకటి చెప్పాలి. నార కట్టలు వచ్చినప్పుడు నాణ్యం చూసే గుమస్తా పనికిరాని కట్ట మీద ఎర్ర ఇంటూ గీసేవాడు. దాన్ని రిజెక్ట్ అనేవారు. సాయంత్రానికి ఆ కట్ట గేటు బయట ఉండేది. మాకు తెలిసిన ఎర్ర ఇంటూ అదొక్కటే.

నూలు వడికే స్పిన్నింగ్ విభాగంలో పైడమ్మ అని ఒకామె ఉండేది. మొగుడు పోయాడు, ఇద్దరు ఆడపిల్లలు. గట్టిగా తుమ్మితే పడిపోయేలా ఉండేది గానీ పనిలో ఆమెను పట్టుకోలేం. ఆ మధ్యాహ్నం నా పక్కన వచ్చి కూర్చుంది. మా వైపు అక్కని అప్ప అంటారు, అందరూ నన్నలాగే పిలిచేవారు.

"అప్పా, సన్నంగున్నోల్లని తీసేస్తారంట గదా."

"ఎవులు సెప్పినారే?"

"ఎవులో సెప్పాలేటి, బొమ్మే సెప్తన్నాది. ఈ పని పోతే పిల్లలకేటెడతాను?"

"డాక్టరు సూడ్డానికేనే, తీసెయ్యడానికి కాదు."

"కట్టని కూడా ముందు సూస్తారు గదప్పా. తర్వాతే గదా ఇంటూ గీస్తారు."



తూకం రోజు రానే వచ్చింది. మనుషుల కాటా లేదని, నార బేళ్లు తూచే కాటానే బయట పెట్టారు. భయపడేవాళ్లకి అదొక్కటే తక్కువైంది. మావాళ్లు వరసలో నిలబడిన తీరు చూస్తే, అందరికీ ఒకేసారి నెలలు నిండినట్టుంది. నడుములు రెండు చేతులా పట్టుకుని మెల్లగా అడుగులేస్తున్నారు. డాక్టరు తూచినకొద్దీ ఆయన ముఖం వెలిగిపోయింది. "చూడ్డానికిలా ఉన్నారు గానీ ఉక్కు మనుషులండీ" అన్నాడు. ఆఫీసరు గారికి మాత్రం దిగులు పట్టుకుంది. తెప్పించిన పాలు ఎవరికివ్వాలి?

ఇంతలో నేత విభాగం మేస్త్రీ సింహాచలం రొప్పుతూ వచ్చాడు. మగ్గం మీద పడుగు, అంటే నిలువు దారాలు, బిగువుగా నిలవడానికి వెనక ఇనుప బరువులు వేలాడదీస్తారు. అవి లేకపోతే గుడ్డ వదులుగా వస్తుంది.

"అప్పా, మగ్గాలన్నీ జారిపోతన్నాయి. బరువులొక్కటీ కనబడ్డం లేదు. నీ ఆడోల్లేటైనా సూసినారా?"

"మా ఆడోల్లకి నీ ఇనుమెందుకురా, కూరొండుకుంటారా?"

నా మాట పూర్తికాకుండానే పైడమ్మ కాటా ఎక్కింది. చెంగు ముడి వదులై ఒక ఇనుప బరువు పలక మీద ఖణేలుమని పడింది. దాని వెనకే ఇంకొకటి. సింహాచలం వంగి తీసి, తిప్పి చూసి, "ఇది నా మూల మగ్గందే" అన్నాడు. వరసలో ఉన్నవాళ్లు నడుములు ఇంకా గట్టిగా పట్టుకున్నారు.

పైడమ్మ కాటా దిగలేదు. చేతులు జోడించింది.

"బాబూ, నాను మనిషినే సన్నం, పనికి సన్నం కాదు. ఈ అప్పనడగండి. నా మీద ఇంటూ గీసేకండి."

ఆఫీసరు గారికి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆయన్ని గోడౌను దగ్గరికి తీసుకెళ్లి రిజెక్ట్ కట్టలు చూపించాను. "మీ బొమ్మలో మనిషీ ఈ కట్టా మాకొక్కటే బాబూ" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, "మరేం గీయించమంటారు?" అన్నారు.

"ఆ ఇంటూ సెరిపీసి, ఆడి సేతిలో పాల గలాసెట్టించండి."

అలాగే పెట్టించారు. సింహాచలం తన ఇనుమంతా ఏరుకుపోయాడు. మళ్లీ తూకం అన్నారు. ఈసారి పాల గ్లాసు చూసి మిల్లు మిల్లంతా పస్తులతో వచ్చింది. మా అందరిలోకీ భారీ మనిషి సూరమ్మ, గాజులూ కడియాలూ తీసి నా చేతిలో పెట్టి, కడుపు లోపలికి లాక్కుని ఎక్కింది.

"ఊపిరి వదలమ్మా" అన్నాడు డాక్టరు.

"వదిల్తే బరువొస్తాది బాబూ" అంది.

పాలు దక్కాల్సినవాళ్లకి దక్కాయి. అందరికంటే ముందు పైడమ్మకి. ఆ ఉద్యోగంలో నాకు తెలిసొచ్చింది ఇదీ: మేలు చేయబోయేవాళ్లు, అవతలివాళ్ల భయమేమిటో ముందు అడగాలి. అడక్కుండా పిలిస్తే, వాళ్లు నడుముకి ఇనుము కట్టుకునే వస్తారు.

వానలు వెళ్లాక పైడమ్మను మళ్లీ తూచారు. చెంపలు కాస్త నిండాయి. కాటా దిగి నేరుగా నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"అప్పా, ముల్లు గీత దాటీసినాది. పాలాపేస్తారా?"

"ఆపేస్తారే."

"అప్పుడంటే ఇనుము సెంగులో దాసుకున్నాను. ఇప్పుడీ ఒల్లెక్కడ దాసుకోనప్పా?"