తెల్వదని చెప్పిన డాక్టరమ్మ

మా పెద్ద డాక్టరమ్మ పోయిన సంగతి దవాఖానా నర్సు ఫోన్ చేసి చెప్పింది. "అమ్మా, రేపు రాకుండ్రి, మేడమ్ లేరు" అంటే, సెలవు పెట్టిందేమో అనుకుని "ఎల్లుండి వస్తదా?" అని అడిగాను. అటువైపు ఏడుపు వినిపించింది. రామంతాపూర్‌లో తన ఇంట్లోనే, పొద్దున చాయ్ తాగుతూ గుండె ఆగిపోయిందట.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది.

ఆమెను మొదటిసారి చూసినప్పుడు డాక్టరని నాకు తెలియదు. రొమ్ములో గడ్డతో నాచారం నుంచి ఆటోలో ఉప్పల్ వెళ్లి, ఆ దవాఖానా వరండాలో చాలాసేపు కూర్చున్నాక లోపలికి పిలిచారు. డాక్టరు కుర్చీలో ఒక చిన్న పిల్ల ఉంది. బల్లకు ఇటుపక్క, నా పక్కనే, నేత చీర కట్టుకున్న పెద్దామె. ఆమె కూడా నాలాంటి రోగే అనుకున్నాను.

"నీకెక్కడ లేసిందమ్మా గడ్డ?" అని అడిగాను.

"నాకు లేదమ్మా. నీకు తోడు కూసున్న."

"గీ పిల్లేంది, నన్ను సూసుడేంది? పెద్ద డాక్టరు యాడ సచ్చిండు?"

"ఈడనే ఉన్న" అంది ఆమె, నవ్వకుండా.

ఆమె పద్ధతే అంత. నేర్చుకునేవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి తాను రోగి పక్కన కూర్చునేది. చెప్పే మాట రోగికి ఎట్లా వినిపిస్తుందో ఇటునుంచే తెలుస్తుందనేది.

ఆ పిల్లది శ్రీకాకుళం వైపు. డాక్టరు చదువంతా అయ్యాక, క్యాన్సర్ వైద్యం ఇంకా లోతుగా నేర్చుకోవడానికి వచ్చింది. అన్నాళ్లూ ఒక ట్రస్టు జీతం ఇస్తుంది. షరతు ఒకటే: గురువారం రోగులను చూడకూడదు, పరిశోధన చేయాలి. ఒక గురువారం ఆ పిల్ల కనబడకపోయేసరికి నేను పెట్టిన కేకలు మెట్రో స్టేషన్ దాకా వినిపించి ఉంటాయి. "మేమీడ సస్తుంటే లోపల సదువులేంది?" పెద్ద డాక్టరమ్మ బయటికి వచ్చి, "నీకిస్తున్న మందు గూడ ఎవరో గిట్లనే తలుపేసుకొని సదివితేనే వచ్చిందమ్మా" అంది. నేను ఊరుకోలేదు. ఆమె కూడా గురువారాన్ని వదల్లేదు.

ఆ పిల్ల పరిశోధన మా చేతుల మీదే. క్యాన్సర్ మందు ఎక్కిస్తే కొందరికి వేళ్లు తిమ్మిరెక్కి మొద్దుబారతాయి. మందు ఎక్కుతున్నంతసేపు చేతులకు ఐసు తొడుగులు వేస్తే అది తగ్గుతుందా అని చూడాలి. సగం మందికి తొడుగులు, సగం మందికి లేవు. ఎవరు ఎటన్నది కంప్యూటర్ చీటీ తీస్తుంది. ఒప్పుకున్నట్టు కాగితం మీద వేలిముద్ర వేయించుకునే ముందే ఇదంతా చెప్పారు, నేనూ సరేనన్నాను. తీరా నాకు ఐసు రాలేదు.

"కంప్యూటర్‌కు నా మీద పగనా?" అని నిలదీశాను. "ఐసు మంచిదైతే నాకెందుకు పెట్టరు?"

చిన్న డాక్టరు "అంటే అమ్మా, దానివల్ల..." అని నసిగింది. పెద్ద డాక్టరమ్మ ఆమెను ఆపింది.

"మంచిదో కాదో నీకు తెలుసా?"

"తెలీదండి."

"అదే చెప్పు అమ్మకు. తెల్వనిదాన్ని తెల్వదని చెప్పుడు నేర్చుకున్నంకనే డాక్టరువైతవ్." తర్వాత నాతో అంది: "నాకూ తెల్వదమ్మా. తెలిస్తే అందరికీ పెడ్తుంటి. నీకు ఇష్టం లేకుంటే ఇప్పుడే తప్పుకో. వైద్యం ఆగదు."

అంత పెద్ద డాక్టరు తెలియదని చెప్పడం అప్పుడే విన్నాను. తప్పుకోలేదు.

గడ్డ పోయింది. వేళ్లు మాత్రం మొద్దుబారాయి. జొన్నరొట్టె తిప్పేటప్పుడు పెనం వేడి తెలియదు, కాలాకే చూసుకుంటాను. అది విని పెద్ద డాక్టరమ్మ ఒక అట్లకాడ తెచ్చి నా సంచిలో వేసింది. "ఇంక చేత్తోని తిప్పినవంటే నీతోటి కొట్లాటే" అంది.

ఆమె పోయాక దవాఖానావాళ్లు గురువారం తీసేస్తామన్నారు. డాక్టర్లు చాలడం లేదు, ఆ పిల్ల రోజూ రోగులనే చూడాలట. అది అబద్ధమూ కాదు, వరండా నిండా జనమే. కానీ గురువారం పోతే పరిశోధన సగంలో ఆగుతుంది, ట్రస్టు ఇచ్చే జీతమూ ఆగుతుంది, తాను వెళ్లిపోవాలి అని ఆ పిల్ల నాతో చెప్పింది.

నేను సూపరింటెండెంటు గదికి వెళ్లి నా చేతులు ఆయన బల్ల మీద పెట్టాను.

"సారూ, ఐసు పెట్టకుంటే ఏమైతదో సూడనీకి ఈ చేతులిచ్చిన. గిప్పుడు సగంల ఆపితే ఇవి ఉత్తగనే పోయినట్టా?"

"అమ్మా, బయట రోగులు మస్తుమంది ఉన్నరు..."

"నేను రోగిని గానా? ఆళ్లకు నేను జెప్త. గట్టిగ ఒర్రుడు నాకేం కొత్త గాదు."

పరిశోధన పూర్తయ్యేదాకా గురువారం ఉంటుందని ఆయన ఒప్పుకున్నాడు. మరి ఆ తర్వాత? అందుకే దవాఖానావాళ్లూ ట్రస్టువాళ్లూ చదవాలని ఇది రాయిస్తున్నాను. పెద్ద డాక్టరమ్మకు గోడ మీద ఫోటో, దండ ఒక్కటే చాలవు. ఈ పిల్ల చదువు అయిపోయాక నేర్చుకునే ఇంకొక పిల్లను తీసుకురండి, జీతమివ్వండి, గురువారమూ ఇవ్వండి.

పోయిన గురువారం చిన్న డాక్టరు నన్ను కళ్లు మూసుకోమంది. వేళ్లకు స్పర్శ ఉందో లేదో చూడటానికి సన్నటి నైలాన్ దారంతో ఒక్కో వేలి కొసనూ తాకుతూ, "తెలిసిందా అమ్మా?" అని అడుగుతోంది. బయట ఎవరో గట్టిగా అరుస్తున్నారు. తెలిసిందంటే ఈ పిల్ల సంతోషపడుతుందేమో అనిపించింది.

"తెల్వలేదు బిడ్డా" అన్నాను.

కాగితం మీద పెన్ను కదిలిన చప్పుడు వినిపించింది.