అన్న కంచంలో పాలతాలికలు

నా చిన్నప్పుడు, ఆరేళ్ల వయసులో, మా ఇంట్లో ఎవరూ తినని కంచం ఒకటి ఉండేది. అది మా అన్నది. ఆ ఏడు వానల్లో పశువుల్ని తోలుకొస్తూ వాగు దాటబోయి కొట్టుకుపోయాడు. వాగు కలిసే గోదావరి ఒడ్డంతా పర్ణశాల దాకా వెతికారు, దొరకలేదు. దొరకలేదు కాబట్టి బతికే ఉన్నాడని అమ్మ పట్టు. ఆకలితో వస్తాడని రోజూ వాడి కంచంలో అన్నం, కూర పెట్టి, మూత వేసి, వంటింట్లో వాడు కూర్చునే చోటే ఉంచేది. తెల్లారాక దాన్ని కుడితి తొట్టిలో పోసేది. ఆ పని చేసేటప్పుడు అమ్మ ముఖంలోకి చూసే ధైర్యం నాన్నకు కూడా ఉండేది కాదు.

నాకు ఆ కంచమంటే చచ్చేంత భయం. మూత కాస్త పక్కకు జరిగినట్టున్నా, మెతుకులు తగ్గినట్టున్నా వంటింట్లోంచి పరుగు తీసేదాన్ని. పిల్లి అయ్యుంటుందిలే అని ఇప్పుడు ఎవరైనా అంటారు. ఆరేళ్ల పిల్లకు చెప్పి చూడండి. ఊళ్లో పిల్లలు మా గుమ్మం తొక్కడం మానేశారు. 'వాళ్లింట్ల దయ్యం బువ్వ తింటదంట' అని, నేనిచ్చిన జామకాయ కూడా పుచ్చుకునేవారు కాదు. అన్న లేడు, అమ్మ ఉండీ లేనట్టే, ఆడుకుందామంటే తోడు కూడా లేకుండా పోయింది నాకు.

మాది కోస్తా నుంచి పొలాల కోసం వచ్చిన కుటుంబం. ఊరు అడవి అంచున ఉండేది. ఒక పక్క మా బోటి రైతుల ఇళ్లు, ఒక పక్క కోయవాళ్ల గూడెం, మధ్యలో కొన్ని సాయిబుల ఇళ్లు, ఆసుపత్రిలో పనిచేసే క్రైస్తవ నర్సమ్మ ఇల్లు ఒకటి. మా బాలవాడి టీచరమ్మ ఖమ్మం వైపు మనిషి. మాచేత పలకల మీద బలపాలు అరగదీయించడం కన్నా వంట చేయించడమే ఆవిడకు ఇష్టం. వారానికో ఇంటికి మమ్మల్ని తోలుకెళ్లి, ఆ ఇంటివాళ్లు పండగకు పబ్బానికి ఏం వండుకుంటారో అది మాతోనే చేయించేది. "ఎవరి దేవుడు ఎట్లుంటడో వాళ్ల పొయ్యి కాడ కూసుంటే తెలుస్తది" అనేది. చదువు చెప్పమంటే తిండి చెబుతోందని మా నాన్న లాంటివాళ్లు వెక్కిరించేవారు. ఆవిడ పట్టించుకుంటేగా.

దర్జీ సాయిబు ఇంట్లో రొట్టెలు నలిపి, బెల్లం కలిపి మలీద చేశాం. ఆయన దాని ముందు కూర్చుని, చనిపోయిన తన తండ్రి పేరున ఫాతెహా చదివి, ఆ తర్వాతే మా దోసిళ్లలో పెట్టాడు. నర్సమ్మ వాళ్ల అమ్మ జ్ఞాపకార్థ కూడికకు పులిహోర కలిపాం. అక్కడ కళ్లు మూసుకుని ప్రార్థన అయ్యేదాకా ఎవరూ ముట్టలేదు. ఆ పై వారం గూడెంలో, నా ఈడు పిల్ల ఇంట్లో కొత్తలు. అంటే కొత్తగా కాసిన చిక్కుళ్లు వండి, గతించిన పెద్దలకు ఆకులో పెట్టనిదే ఇంట్లో ఎవరూ గింజ కొరకరు. పెట్టాక మాత్రం ఆ ఆకులోది పిల్లలకే. "పెద్దోళ్లు తిన్నంక మిగిలింది మనకు బలం, తినుండ్రి బిడ్డా" అని ఆ పిల్ల అవ్వ మా నోళ్లలో పెట్టింది.

తర్వాత మా ఇంటికి వస్తామన్నది టీచరమ్మ. అమ్మ ఒప్పుకోలేదు. "మా ఇంట్లో ఇప్పుడు పండగేంటి టీచరు గారూ" అంది. "పండుగ కాదమ్మా. పిల్లలొస్తరు. నువ్వేం చేస్తే అదే తింటరు" అనేసి ఆవిడ లేచి వెళ్లిపోయింది. నాకు నిద్ర పట్టలేదు. పిల్లలు ఎలాగూ రారు, వచ్చినా కంచం చూసి పరుగు తీస్తారు, ఇక ఈ జన్మలో నాతో ఎవరూ ఆడరని ఒకటే బెంగ.

అయినా వచ్చారు, టీచరమ్మ కొంగు పట్టుకుని, ఒకరి వెనక ఒకరు దాక్కుంటూ. అమ్మ పాలతాలికలు చేద్దామంది. అన్నకు అవంటే ప్రాణం. ఉడికించిన బియ్యప్పిండి ముద్దలు మా చేతికిచ్చి, సన్నగా తాడులా చేయమంది. పిల్లలకు పిండి దొరికితే భయం ఎంతసేపు నిలుస్తుంది? కాసేపటికి వంటింట్లో నవ్వులు వినిపించాయి. ఎన్నాళ్లకో.

పాలు, బెల్లం పడి తాలికలు ఉడికాక, అమ్మ ముందుగా అన్న కంచం నింపింది. పిల్లలు గోడ వైపు జరిగారు. అమ్మ దాన్ని ఎప్పుడూ పెట్టే చోటే పెట్టి మూత అందుకోబోయింది. అంతలో మేము కొత్తలు తిన్న ఇంటి కోయపిల్ల వచ్చి, కంచం తన ముందుకు లాక్కుని, ఇంత తీసి నోట్లో పెట్టుకుంది.

"ఏంటే ఆ పని!" అమ్మ కేక వేసింది. ఆ పిల్ల బెదరలేదు.

"పెట్టినవ్ గద పెద్దమ్మా. ఇగ మనమే తినాలె. మూత పెడితే ఆయన ఎట్ల తింటడు?"

అమ్మ చెయ్యి పైకి లేచింది. కొడుతుందనే అనుకున్నాను. టీచరమ్మ గోడకు ఆనుకుని అలాగే నిలబడిపోయింది. లేచిన చెయ్యి గాల్లోనే ఆగి, మెల్లగా దిగింది.

"వాడు తిన్నాడంటావా?" అని అమ్మ ఆ పిల్లను అడిగింది.

"అవ్, తిన్నడు" అంది ఆ పిల్ల మూతి తుడుచుకుంటూ.

అమ్మ అక్కడే కూలబడింది. వాగొడ్డున కూడా ఏడవని మనిషి ఆ రోజు గుండెలవిసేలా ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, కంచం ఒళ్లో పెట్టుకుని పిల్లలందరినీ దగ్గరికి పిలిచింది. వాళ్లు వచ్చి, ఏది ఏ ఇంట్లో నేర్చుకున్నారో అన్న తేడా లేకుండా, కొందరు కళ్లు మూసుకుని, కొందరు దోసిళ్లు పట్టి నిలబడ్డారు. అందరికీ పెట్టి చివరికి నాకు పెట్టింది. అది చల్లారిపోయి ఉంది. అన్న ఎంగిలి తింటున్నట్టే అనిపించింది. ఉమ్మెయ్యలేదు, మింగాను.

మర్నాటి నుంచి ఆ చోటు ఖాళీ. పిల్లలు నాతో ఆటలకు వచ్చారు. భయం పోయింది. మూత జరిగిందా లేదా అని చూసుకునే పని కూడా పోయాక తెలిసింది, భయపడుతూనే నేనూ వాడి కోసం ఎదురుచూశానని. మా అన్న నాకు ఆ రోజే చచ్చిపోయాడు. పోయినవాళ్లకు పెట్టింది బతికినవాళ్లు పంచుకు తినే ఆ ఇళ్లన్నీ తిప్పాక టీచరమ్మ చివరికి మా ఇంటికెందుకు వచ్చిందో పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు. ఆ పిల్ల కంచం లాక్కుంటుందని మాత్రం ఆవిడ కూడా అనుకుని ఉండదు.

ఇప్పటికీ ఎవరైనా పోయినవాళ్ల పేరు చెప్పి నా చేతిలో ఏదైనా పెడితే కాదనను. షుగరని డాక్టరు కోప్పడినా తింటాను. "ఎవరో, ఏమో, అలా తినేస్తారేంటి అత్తయ్యా" అంటుంది మా కోడలు. ఎవరైతేనేం. ఆ పిడికెడు నా చేతిలో పెట్టడానికి ముందు ఆ ఇంట్లో ఒక మనిషి ఎంత ఏడ్చి ఉంటుందో నాకు తెలుసు.