స్టేషన్ దాటితేనే నవల

ఉస్తాద్ వగ్దీకి ఒకటే పిచ్చి. ట్రామ్‌లో చదివి వినిపించినప్పుడు ప్రయాణికుల్లో ఒక్కరైనా ఆ ధ్యాసలో పడి తమ స్టేషన్ దాటిపోతే తప్ప ఆయన ఏ నవలనూ అచ్చు వేయడు. అలెగ్జాండ్రియాలో ఇంతమంది ప్రచురణకర్తలుండగా నేను పోయి పోయి ఈయన చేతిలోనే పడ్డాను.

నా పేరు రావ్యా. ఆడపిల్లల బడిలో భూగోళం చెబుతాను. నాలుగేళ్లు కష్టపడి నాలుగు వందల పేజీల నవల రాశాను. దాన్ని తీసుకెళ్లి రమల్ స్టేషన్ వెనక సందులో, మూడో అంతస్తులో ఉన్న ఆయన ఆఫీసు బల్ల మీద పెట్టాను. మనిషి పొట్టి, గొంతు మాత్రం మసీదు మైకంత. ఆయన మొదటి పేజీ తిప్పనైనా తిప్పలేదు.

"నువ్వు ఏ స్టేషన్‌లో దిగుతావమ్మా?" అన్నాడు.

"సీదీ గాబర్‌లో. ఎందుకండీ?"

"ఎప్పుడైనా ఏదైనా చదువుతూ దాటిపోయావా?"

"ఒకసారి బకోస్ దాకా పోయాను."

"అదీ! అది రాసినవాడు రచయిత. నీ సంగతి ట్రామ్ చెబుతుంది."

రెండు రోజుల తర్వాత ఉదయం ఏడింటికి ట్రామ్‌లో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఎవరో బతిమాలినట్టు గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాడు. నా నవల సముద్రంతో మొదలవుతుంది. పదకొండు పేజీల సముద్రం. నాకు ప్రాణమైన పేజీలు. ఇబ్రహీమియా వచ్చింది, దిగేవాళ్లు దిగారు. స్పోర్టింగ్ వచ్చింది, దిగేవాళ్లు దిగారు. వెనక బెంచీలో ఒక లావుపాటి ఆయన మాత్రం కదలకుండా కూర్చున్నాడు.

"ఆయన రోజూ షాత్బీలో దిగుతాడట, కండక్టర్ చెప్పాడు. దాటిపోయాడు ఉస్తాద్!" అని ఎగిరి గంతేసినంత పని చేశాను.

ఉస్తాద్ వెళ్లి ఆయన మొహంలోకి వంగి చూసి వచ్చాడు. "గురక పెడుతున్నాడు. నిద్రపోయినవాడు లెక్కలోకి రాడు."

ఇంతలో క్లియోపాత్రా స్టేషన్ వచ్చింది. అప్పటిదాకా శ్రద్ధగా విన్న లాయరొకడు లేచాడు. నాకేమైందో తెలియదు, అతని నల్లకోటు చెయ్యి పట్టుకున్నాను. "ఒక్క పేజీ ఆగండి, తుఫాను వస్తుంది."

"నా కక్షిదారు ఇంటి ముందు నిలబడి ఉంటాడమ్మా, వాడికంటే పెద్ద తుఫాను ఉండదు. చెయ్యి వదులు."

ఆ రోజుతో ట్రామ్‌లో నాకు ప్రవేశం లేకుండా పోయింది. రచయిత పక్కనుంటే ప్రయాణికులు మొహమాటపడతారట. నేను మొహమాటపెట్టానా, కోటు పట్టుకున్నాను! ఎంత చెప్పినా ఆయన వినలేదు. ఆయన ఒక్కడే చదువుతాడు, ప్రతి గురువారం సాయంత్రం నేను ఆఫీసుకి వెళ్లి తీర్పు వినాలి. ఇదీ ఏర్పాటు.

ఆ గురువారాలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

"చేపలమ్మే ఉమ్ జగ్లూల్ ఉంది చూశావా, తలకి పచ్చ గుడ్డ కట్టుకుంటుంది. నీ సముద్రం దగ్గర ఆవలించింది," అనేవాడు ఉస్తాద్.

"ఎంతసేపు?"

"ఇబ్రహీమియా నుంచి స్పోర్టింగ్ దాకా. సందు చివర ఊరికే కనిపించే సముద్రాన్ని పదకొండు పేజీలు వినాలా అంది."

తిట్టుకుంటూ సముద్రాన్ని అర పేజీకి కుదించాను. మరో నెలకి దౌలత్ పెళ్లి ఘట్టం మీద పడింది ఆ చేపలావిడ. దౌలత్ నా కథానాయిక, కుట్టుమిషన్ మీద బతికే మనిషి. పెళ్లికి వచ్చిన ముప్ఫైమంది బంధువుల పేర్లు చదువుతుంటే ఉమ్ జగ్లూల్ బుట్టలో చేపలు లెక్కపెట్టుకుందట. బంధువులందర్నీ తీసేశాను. ఆ తర్వాత దౌలత్ దేనికి పడితే దానికి ఏడుస్తోందని, తనైతే ఆపాటికి ఆ మొగుణ్ణి పొలుసు తీసినట్టు తీసేదాన్నని అందట. దౌలత్ ఏడుపులు పన్నెండు నుంచి రెండుకి దించాను. నాలుగు వందల పేజీలు రెండు వందల నలభై అయ్యాయి. రెండేళ్లు గడిచాయి. ఒక్కడూ స్టేషన్ దాటలేదు.

దాటినా లెక్కలోకి రాడు. ఒకసారి ఒక కుర్రాడు దాటాడట, వాడు పరీక్ష ఎగ్గొట్టాలని దాటాడు. ఒక ముసలాయన దాటాడట, ఆయనకి కళ్లజోడు లేదు. ఒక మొగుడూ పెళ్లాం ఏకంగా మూడు స్టేషన్లు దాటారట. వాళ్లు పోట్లాడుకుంటున్నారు!

ఇంట్లో మా అమ్మ మా అపార్టుమెంటులో పదిహేడు ఇళ్లకీ పుస్తకం ఇస్తానని మాటిచ్చి కూర్చుంది. బడిలో పెద్ద టీచరు రోజూ గేటు దగ్గరే, "ఏం టీచరమ్మా, పుస్తకం పుట్టిందా, ఇంకా నొప్పులేనా?" అని అడిగేది. జనవరిలో పుస్తకాల పండగ. ఈసారి కూడా రాకపోతే నాకు ఊరొదిలి పారిపోవడం తప్ప గతి లేదనిపించింది.

సరిగ్గా అప్పుడే కైరో నుంచి ఒక పెద్ద ప్రచురణ సంస్థవాళ్లు ఫోన్ చేశారు. పుస్తకాల పండగకల్లా వేస్తామన్నారు. నవల దేని గురించో కూడా అడగలేదు. శనివారం లోపల సంతకం పెట్టి పంపమన్నారు. అలాంటి మనుషులు కదా కావాలి!

మర్నాడు బడికి సెలవు. పొద్దున్నే ఉస్తాద్ ఆఫీసుకి వెళ్లి నిలబడ్డాను. మెడకి మఫ్లర్ చుట్టుకుని సోంపు కషాయం తాగుతున్నాడు. మసీదు మైకు మూగబోయింది.

"నా నవల నాకిచ్చేయండి ఉస్తాద్. కైరోవాళ్లు వేస్తామన్నారు."

"చదివారా?" అన్నాడు గుసగుసగా.

"చదవకుండానే వేస్తామన్నారు. వాళ్లకి ట్రామ్ లేదు, చేపలావిడ లేదు!"

ఆయన బీరువాలోంచి కాగితాల కట్టలు రెండూ, నాలుగు వందల పేజీలదీ రెండు వందల నలభై పేజీలదీ, తీసి దారంతో కట్టి ఇచ్చాడు. "నీ పుస్తకం, నీ ఇష్టం తల్లీ. మొదటి కట్ట పారేయకు," అన్నాడు. ఆ మర్యాద నన్ను ఇంకా మండించింది.

ట్రామ్ ఎక్కి చూద్దును కదా, ఎదురుగా పచ్చ తలగుడ్డ. కాళ్ల దగ్గర చేపల బుట్ట. రెండేళ్ల కోపం ఒక్కసారి పైకొచ్చింది.

"నా నవల వింటూ ఆవలించింది నువ్వేగా?" అన్నాను మొహం మీదే.

ఉమ్ జగ్లూల్ నన్నూ, నా చేతిలో కట్టనీ మార్చి మార్చి చూసింది. "దౌలత్ కథ రాసింది నువ్వా? నేనెందుకు ఆవలిస్తాను?"

"సముద్రం దగ్గర ఆవలించావు! రెండేళ్ల కిందట, చలికాలంలో. ఇబ్రహీమియా నుంచి స్పోర్టింగ్ దాకా!"

"వల్లాహి, దేవుడి మీద ఒట్టు, ఆ చలికాలం కాలు విరిగి రెండు నెలలు మంచం మీదున్నాను. మంచంలో ఆవలిస్తే నీకు వినిపించిందా?"

"పెళ్లి దగ్గర చేపలు లెక్కపెట్టావు!"

"చేపలు ఎవరైనా లెక్కపెడతారా పిచ్చి మొహమా, తూస్తారు గానీ!"

పెట్టెలో అందరూ నవ్వారు. టికెట్లు ఇస్తున్న కండక్టర్ అమ్ ఫర్గలీ నా దగ్గరకొచ్చి నిలబడ్డాడు.

"రచయితలు వచ్చి మా ప్రయాణికుల మీద పడటం నాకు కొత్త కాదు టీచరమ్మా. పోయినేడు ఒకాయన కర్ర పట్టుకుని క్లియోపాత్రాలో దిగే లాయర్ కోసం వెతికాడు. ఉస్తాద్ చదివేది నిజమే. ఆవలింతలన్నీ ఆయన సొంతం. మీ మొహం మీద చెప్పలేక మా నెత్తిన రుద్దుతాడు. ఆ మనిషికి ఎవరినీ నొప్పించడం చేతకాదు."

నేను ఆవిడ పక్కన కూర్చున్నాను. బంధువులు, ఏడుపులు, సముద్రం, అన్నీ ఆయన మాటలే. ఆయనే చెప్పి ఉంటే ఆ గురువారమే నవల పట్టుకుని వెళ్లిపోయేదాన్ని. చేపలావిడ మీద కసితో కూర్చుని దిద్దాను.

మొదటి కట్ట దారం విప్పాను. మొదటి పేజీ వెనక పెన్సిల్‌తో చిన్న అక్షరాలున్నాయి. నేను నవల ఇచ్చిన మర్నాటి తేదీ. "క్లియోపాత్రాలో దిగాల్సినవాణ్ణి చదువుతూ విక్టోరియా దాకా పోయాను. అచ్చు వేయాలి. కానీ సముద్రం తగ్గాలి, బంధువులు పోవాలి, అమ్మాయికి కోపం రాకూడదు. వగ్దీ."

రెండేళ్లు! రెండేళ్లు దాచాడు పెద్దమనిషి! కోపం రావాలో ఏడుపు రావాలో తెలియక నవ్వొచ్చింది.

"నీ నవ్వు సంగతి తర్వాత," అంది ఉమ్ జగ్లూల్ నా మోకాలు మీద కొట్టి. "ఆయనకి గొంతు పోయిన దగ్గర్నుంచి నాలుగు రోజులుగా దౌలత్ తలుపు దగ్గరే నిలబడి ఉంది. బయట కొడుతున్నది వాడేనా? తీసిందా లేదా?"

రెండో కట్టలో ఆ పేజీ వెతికి చదవడం మొదలుపెట్టాను. ఎదుటి బెంచీవాళ్లు ముందుకు వంగారు. దౌలత్ తలుపు గొళ్లెం మీద చెయ్యి వేసింది, తీసింది, కాదు మళ్లీ వేసింది. నాకు ఊపిరాడలేదు, రాసింది నేనే అయినా. తల ఎత్తేసరికి ట్రామ్ ఆగి ఉంది. విక్టోరియా. ఆ తర్వాత పట్టాలు లేవు.

"అయ్యో నా బకోస్!" అని ఉమ్ జగ్లూల్ గుండెలు బాదుకుంది. "నా బేరాలన్నీ పక్క బుట్టకి పోయుంటాయి! నీ దౌలత్ ఇల్లు కాలా!"

వెంటనే ఫోన్ చేశాను. "ఉస్తాద్, ఒకళ్లు స్టేషన్ దాటారు!"

"ఎవరు?" అంది అవతల బొంగురు గొంతు.

"నేను."

"రచయిత లెక్కలోకి రాదు."

"ఉమ్ జగ్లూల్ కూడా. చేపల బుట్టతో సహా."

"నిద్రపోయిందేమో సరిగ్గా చూశావా?"

"నిద్రా! వినండి, ఎలా తిడుతోందో." ఫోన్ ఆవిడ వైపు పట్టాను. దౌలత్‌నీ, నన్నూ, చదవడం మొదలుపెట్టిన ఉస్తాద్‌నీ, ట్రామ్ కనిపెట్టినవాణ్ణీ కలిపి తిడుతోంది.

"తిడుతోందంటే మేలుకునే ఉంది," అన్నాడు ఉస్తాద్. "కైరోవాళ్లకి ఏం చెబుతావు?"

"మీకు ట్రామ్ లేదు కదా అని చెబుతాను."

"అయితే శనివారం వచ్చి ప్రూఫులు చూసుకో. అక్షరాలు కూర్చి మూడు వారాలైంది. ఇప్పుడు మాత్రం ఆవిడ బుట్టలో మిగిలిన చేపలన్నీ నువ్వే కొనుక్కురా. నా దగ్గర సముద్రం గురించి మాట్లాడకపోతే వండి పెడతాను."