అద్దం లేని పటం

గుండెల మీద ఈ బరువు పెట్టుకుని చాలా ఏళ్ళుగా బతుకుతున్నాను. నా భార్యకు తెలియదు. ఆఫీసులో ఎవరికీ తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను. మొహం చూసి చెప్పే ధైర్యమే ఉంటే ఇది రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

దోహాలో ఒక వేలం సంస్థలో పనిచేస్తున్నాను. అమ్మకానికి వచ్చిన చిత్రాల్లో ఎక్కడ గీత పడింది, ఎక్కడ రంగు రాలింది అని పరిశీలించడం నా ఉద్యోగం. ఆ ఏడాది అమెరికన్ చిత్రాల వేలం పెట్టారు. కొండలు, గుర్రాలు, పల్లె ఇళ్ళు ఉన్న పెద్ద తైలవర్ణ చిత్రాలతో పాటు, పాత పత్రికల్లో కథల కోసం, ముఖచిత్రాల కోసం, సబ్బు ప్రకటనల కోసం వేసిన అసలు బొమ్మలు కూడా వచ్చాయి. నాకు ఆ బొమ్మలే ఇష్టం. చిన్నప్పుడు వారపత్రిక చేతికి రాగానే కథ వదిలేసి బొమ్మ చూసేవాణ్ణి.

వాటిలో ఒకటి, పసుపు వానకోటు వేసుకుని బస్సు కోసం ఎదురుచూస్తున్న అమ్మాయి బొమ్మ. అట్ట మీద నీటిరంగులతో వేసింది. పెద్దగా పేరు లేని చిత్రకారుడు. ఇక బస్సు రాదని ఆమెకు తెలిసిపోయినట్టు మొహం చూస్తేనే అర్థమయ్యేది. బొటనవేలంత మొహంలో అంత దిగులు ఎలా పెట్టాడా అని వెళ్ళి వెళ్ళి చూసేవాణ్ణి.

ప్రదర్శనకు ముందురోజు ఊరంతా దుమ్ము లేచింది. కిటికీలు లేని మా గదిలోకి కూడా సన్నటి ఇసుక వచ్చి చేరింది. ఖాజా పొద్దున్నే వచ్చి అద్దాల బీరువాలన్నీ తుడిచి, బకెట్టు, గుడ్డలు తోపుడు బండి మీద పెట్టి టీకి వెళ్ళాడు. ఖాజాది నిజామాబాద్ వైపు. చిత్రాలు మోయడం, విప్పడం, గోడకు తగిలించడం అతని పని. బర్వా అల్ బరాహాలో, కార్మికుల వసతి గదుల్లో ఉండేవాడు. నాది గోదావరి జిల్లా అయినా, అక్కడ తెలుగు వచ్చినవాళ్ళం మేమిద్దరమే కాబట్టి నన్ను అన్నా అనేవాడు.

మా ఇంట్లో శుక్రవారం పూట దేవుడి పటాలు, తాతయ్యల ఫొటోలు తడిగుడ్డతో తుడవడం చిన్నప్పటినుంచీ నా వంతు. పటం మీద దుమ్ము కనబడితే నా చెయ్యి ఆగదు. ఆ రోజూ ఆగలేదు. బండి మీది తడిగుడ్డ తీసుకుని ఆ అమ్మాయి బొమ్మను తుడిచాను. పటమన్నాక అద్దం ఉంటుంది, నా చేతికి తెలిసింది అంతే. కానీ ఫొటో తీయడం కోసం ఆ అద్దం తీయించింది నేనే. ఎలా మరిచిపోయాను?

ఒక్కసారే తుడిచాను. మొహం పోయింది. కళ్ళు, ముక్కు, పెదవులు కలిసిపోయి మరక మిగిలింది. గుడ్డను మళ్ళీ బండి మీదే పెట్టి బయటికి వచ్చేశాను. తీసినచోట పెట్టడం అలవాటు కాబట్టి పెట్టానా, అది ఖాజా బండి కాబట్టి పెట్టానా? కంగారులో తెలియలేదని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. తెలుసు. గుడ్డకు పసుపు రంగు అంటి ఉంది. చూసే పెట్టాను.

కాసేపటికే గొడవ మొదలైంది. గుడ్డ ఖాజా బండి మీద ఉంది, పొద్దున తుడిచింది ఖాజా. ఆ గదిలో కెమెరా లేదు. ఇంకెవరైనా లోపలికి వెళ్ళారా అని మేనేజర్ నన్ను అడిగాడు. నేనెవరినీ చూడలేదన్నాను. నేనేదో చెప్పి గట్టెక్కిస్తానని ఖాజా నా వైపే చూస్తున్నాడు. నేను బల్ల వైపు చూశాను. బొమ్మను వేలంలోంచి తీసేశారు. అద్దం తీయించి అలాగే వదిలేసినందుకు నాకూ చీవాట్లు పడ్డాయి. ఖాజాను ఉద్యోగంలోంచి తీసేశారు. మా పాప స్కూలు, అజీజియాలో ఫ్లాటు, వీసా, అన్నీ నా కళ్ళముందు తిరిగాయి. ఖాజాకూ పిల్లలున్నారని గుర్తు రాలేదా? వచ్చింది. వచ్చినా నోరు విప్పలేదు.

ఖాజా ఇండియాకు వెళ్ళే రోజు కంపెనీ బండి ఉన్నా, నా కారులో దిగబెడతానన్నాను. ఎంత మంచివాడో అనుకున్నారు ఆఫీసులో. చివరి నిమిషంలో అతను ఎవరితో ఏమంటాడోనని నా భయం. ఎయిర్‌పోర్టులో సామాను దించాక ఖాజా అన్నాడు.

"నాతోనే అయిందేమో అన్నా."

"ఏంటి?"

"గా బొమ్మ. నేను అద్దాలే తుడిసిన అనుకున్న. గని గుడ్డకు రంగెట్ల అంటింది మరి? తుడుసుకుంట తుడుసుకుంట దాన్ని గూడ తుడిసినట్టున్న. యాదికొస్తలేదు. నా వల్ల నువ్వు గూడ మాట పడ్డవ్. మాఫ్ చెయ్యి అన్నా."

అక్కడ మేమిద్దరమే ఉన్నాం. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఏముంటుంది? నేనేమన్నానో తెలుసా?

"పర్లేదులే ఖాజా. మనుషులం కదా, జరుగుతుంటాయి."

నేను చేసిన తప్పుకు అతన్ని క్షమించాను. అతను నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. నేను అద్దుకోనిచ్చాను.

పండగలకు ఫోన్ చేస్తూనే ఉంటాడు. ఈమధ్యా చేశాడు. అతని బావమరిది సెల్‌ఫోన్ రిపేరు దుకాణం పెట్టి, పని నేర్పుతాను రమ్మన్నాడట. వెళ్ళలేదట. మార్కెట్ యార్డులో బస్తాలు మోస్తున్నాడు. ఎందుకలా అని అడిగాను. "నా చేతులు మంచివి గావన్నా. బస్తాలైతే కింద పడ్డా ఏం గాదు" అని నవ్వాడు.

ఆ నవ్వు విన్నప్పటినుంచి నాకు అన్నం దిగడం లేదు. ఉద్యోగం పోగొట్టాననే ఇన్నాళ్ళూ అనుకున్నాను. అతని చేతుల మీద అతనికున్న నమ్మకాన్ని కూడా తీసేశానని అప్పుడు తెలిసింది. ఎన్నోసార్లు నంబరు నొక్కి, మోగకముందే ఆపేశాను. తిడతాడని భయమా? కాదు. అతను కూడా 'పర్లేదులే అన్నా' అంటాడేమోనని. అది నేను తట్టుకోలేను.

ఆ బొమ్మను తుడిచింది నేను. ఈ ఒక్క మాట రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది. రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది. అలా ఆడుతున్నందుకు సిగ్గుగానూ ఉంది, ఎందుకంటే చెప్పింది మీకు, ఖాజాకు కాదు. అక్కడ అతను ఈ పూట కూడా తన చేతుల్ని తనే నమ్మకుండా బస్తా ఎత్తుకుంటూ ఉంటాడు.