తాడు లేకుండా ఒక్క రౌండు

2023 మే నెల. పలమనేరు దాటాక బెంగళూరు రోడ్డు పక్కన, మామిడితోటను ఆనుకుని కంచె వేసిన ఎర్రమట్టి మైదానంలో పన్నెండు మంది పిల్లలకు పది రోజుల గుర్రపు స్వారీ శిబిరం నడుపుతున్నాను. పిల్లల బస కూడా అక్కడే. తిరుపతి పెనంలా కాలుతున్న ఆ రోజుల్లో పలమనేరులో పొద్దున ఆరింటికి దుప్పటి వదలబుద్ధయ్యేది కాదు. పిల్లల కంటే మాస్టరుకే బద్ధకం ఎక్కువ.

స్వారీ మాస్టరంటే తల్లిదండ్రులు ఆరడుగుల మనిషిని ఊహించుకుని వస్తారు. నేనేమో గుర్రం ఎక్కాలంటే ముక్కాలిపీట వేసుకునే బాపతు. దిగడంలో మాత్రం ఇరవై ఏళ్ల అనుభవం ఉంది. అందులో సగం సార్లు దిగాలని నేననుకోలేదు. ఈ వృత్తిలో స్వారీ ఎంతో సారీ అంత. అయితే ఆ రెండోది గుర్రాలకు చెప్పినంత సులువుగా మనుషులకు చెప్పలేకపోయేవాణ్ణి.

ఉన్న నాలుగు గుర్రాల్లో పెద్దది దొరసాని, తెల్ల ఆడగుర్రం. తిరుపతిలో పదేళ్లు పెళ్లి ఊరేగింపుల్లో పెళ్లికొడుకులను మోసి మా దగ్గరికి వచ్చింది. టపాకాయలకే బెదరని గుర్రం పసిపిల్లలకు బెదరదు కాబట్టి భయస్తులందరినీ దానిమీదే ఎక్కించేవాణ్ణి. దాని ఆలనాపాలనా చూసే మస్తాన్ కూడా అరవై దాటిన మనిషి, ఆ ఊరేగింపుల నుంచి దానితోపాటే వచ్చాడు.

పూతలపట్టు నుంచి పల్లవి అనే పదకొండేళ్ల పిల్లను వాళ్ల అవ్వ తెచ్చి వదిలింది.

"మాస్టరూ, ఇది మేకను సూసినా మిద్దె ఎక్కుతాది. నీకు గుర్రమెందుకే అంటే ఇంటేనా?"

"మేక పొడస్తాది అవ్వా. గుర్రానికి కొమ్ములు యాడుండాయి?" అంది పల్లవి. మేక సంగతి అంత ఆలోచించిన పిల్ల గుర్రం సంగతి కూడా ఆలోచించే వచ్చి ఉంటుందని చేర్చుకున్నాను.

మూడో రోజు పొద్దున పల్లవి పడిపోయింది.

జీను జారకుండా గుర్రం పొట్ట కింద బిగించే పట్టీని గర్త్ అంటాం. గుర్రాలకు ఒక పాత విద్య ఉంది. పట్టీ బిగించేటప్పుడు ఊపిరి పీల్చి పొట్ట ఉబ్బిస్తాయి. నాలుగడుగులు నడిచాక ఊపిరి వదిలేస్తాయి, పట్టీ వదులవుతుంది. అందుకే కాస్త నడిపించి, పట్టీ కింద రెండు వేళ్లు పెట్టి చూసి, మళ్లీ బిగించాలి. మొదటి రోజు పిల్లలకు నేను చెప్పే మొదటి పాఠం అదే. ఆ పొద్దున ఒక తండ్రితో ఫోనులో మాట్లాడుతూ ఆ పాఠం నేనే మరిచిపోయాను. దొరసాని మీద పల్లవి ట్రాట్ మొదలుపెట్టింది. ట్రాట్ అంటే నడకకూ పరుగుకూ మధ్య, కూర్చున్నవాళ్లను ఎగరేసే నడక. జీను పక్కకు జారింది. జీనుతోపాటు పల్లవీ.

మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. మట్టి దులిపి, "పడితేనే స్వారీ వస్తాది పాపా" అన్నాను గంభీరంగా. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. మస్తాన్ నా పక్కకు వచ్చి మెల్లగా అడిగాడు.

"సార్, పట్టీ మళ్లా బిగించినారా?"

నాకు వినిపించలేదు. అంటే, వినిపించనట్టు నిలబడ్డాను.

ఆ తర్వాత పల్లవి గుర్రాన్ని తోమింది, కడిగింది, దాణా పెట్టింది. ఎక్కడం మాత్రం మానేసింది. బతిమాలి ఎక్కిస్తే రెండు చేతులతో జీను పట్టుకుని కళ్లు మూసుకునేది. ఎనిమిదో రోజు సాయంత్రం వసారాలో కూర్చుని ఫోనులో చెబుతోంది: "నాకు స్వారీ రాదు అవ్వా. వచ్చి పిలుచుకుపో."

ఫోను పెట్టేశాక పక్కన కూర్చున్నాను.

"సరిగ్గా కూచోకనే గదా సార్, నేను పడింది?"

అయిదు రోజులుగా ఆ పిల్ల మనసులో ఆ ఒక్క మాటే తిరుగుతోందని అప్పుడు అర్థమైంది. నా గంభీరమైన సూక్తి పడ్డ తప్పునంతా తీసుకెళ్లి ఆ పిల్ల నెత్తిన పెట్టింది.

"లేదమ్మా, నువ్వు బాగానే కూర్చున్నావు. పట్టీ నేను రెండోసారి బిగించలేదు. మరిచిపోయినాను."

పల్లవి నా వైపు తిరిగింది.

"మరి ఇన్ని దినాలు ఎందుకు చెప్పలేదు?"

"సిగ్గేసింది."

"పెద్దోళ్లకు గూడా సిగ్గేస్తాదా?"

"పెద్దయ్యేకొద్దీ ఎక్కువేస్తాది."

ఆలోచించింది. "రేపు పట్టీ నేనే బిగిస్తా. మీరు ఊరికే సూడండి."

మర్నాడు తనే బిగించింది, నడిపించింది, మళ్లీ బిగించింది. లీడ్ రోప్, అంటే కింద నడిచేవాడు పట్టుకునే తాడు, నా చేతిలో ఉంది. ఆరు రౌండ్లు తిరిగింది. దిగాక అంది: "రేపు అవ్వ ముందర తాడు లేకుండా ఒక్క రౌండు. మీరు కంచె అవతల ఉండాల."

చివరి రోజు కంచె పక్కన షామియానా వేశాం. తల్లులు, పిన్నులు, అవ్వలు ముందు వరసలో కూర్చున్నారు. పల్లవి వంతు వచ్చింది. నేను కంచె అవతలే ఉన్నాను. నా ప్రాణం మాత్రం ఇవతల గుర్రం పక్కన నడుస్తోంది. సగం రౌండు బాగా సాగింది. షామియానా ముందుకు రాగానే దొరసాని ఠక్కున ఆగిపోయింది. పల్లవి మడమలతో తట్టింది. కదల్లేదు. ఇంకోసారి తట్టింది. గుర్రం చెవులు ముందుకు పెట్టి ఆడవాళ్ల వైపే చూస్తోంది.

నేను కంచె మీద ఒక కాలు వేశాను.

"సార్, మీరు రావద్దు!" అంది పల్లవి.

అవతలి మూల నుంచి మస్తాన్ కేక వేశాడు: "అది హారతి కోసరం నిలబడుకుండాది! ఆడోళ్లు గుంపుగా కనబడితే హారతి ఇచ్చేదాకా కదలదు. పదేండ్ల అలవాటు!"

అందరూ నవ్వారు. పల్లవి నవ్వలేదు. కళ్లెం సడలించకుండా మెడ తిప్పింది.

"అవ్వా, దీనికి హారతి ఇయ్యి."

"ఈడ కర్పూరం యాడుండాదే?"

"ఉత్తదే తిప్పు అవ్వా, దానికేం తెల్సు!"

అవ్వ లేచింది. ఒళ్లోని మురుకుల తట్టను గుర్రం ముందు మూడుసార్లు తిప్పి, "పోమ్మా తల్లీ, పెండ్లికొడుకు గాదు గానీ మా పిల్లను దించకుండా తీసుకపో" అంది. దొరసాని తల ఊపింది. పల్లవి మడమలతో తట్టింది. గుర్రం కదిలింది.

మిగతా సగం రౌండు పల్లవి కళ్లు మూయలేదు. రౌండు పూర్తయ్యాక ఆగమని నేను చెయ్యి ఎత్తాను. నన్ను చూసింది, చూడనట్టు రెండో రౌండు మొదలుపెట్టింది.

ఆ పిల్లకు ధైర్యం నేర్పింది నేనేనని ఆ రోజు అందరూ నన్ను మెచ్చుకున్నారు. నిజానికి ఆ ధైర్యాన్ని అయిదు రోజులు ఆపి ఉంచింది నేనే. ఇప్పుడు శిబిరంలో ఎవరైనా పడితే ముందు దెబ్బ చూస్తాను, తర్వాత పట్టీ చూస్తాను. తప్పు నాదైతే అక్కడే, అందరి ముందే చెప్పేస్తాను. అది విని ఒకరిద్దరు తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయారు కూడా. వాళ్లను తప్పు పట్టను. ఉన్న పిల్లలు మాత్రం ఆ పూటే మళ్లీ ఎక్కారు.