ఒకటి చెప్పలేని అయ్యవారు

ఓబులేసును ఒకచోట కూర్చోబెట్టడం కన్నతల్లి రామసుబ్బమ్మ వల్లే కాలేదు, ఇక ఆంధ్ర రాష్ట్ర ప్రభుత్వం వల్ల ఏమవుతుంది? అన్నం కూడా నడుస్తూనే తినేవాడు. పళ్లెం చేత పట్టుకొని వసారాలో ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతుంటే వెనకాలే కోళ్లు తిరిగేవి. "నీకంటే అవే కడుపునిండా తింటాండాయి కదరా!" అని ఆమె తల కొట్టుకునేది.

వాళ్లది కోడుమూరు పక్క పల్లె. తండ్రి తిమ్మయ్యకు కొద్దిపాటి మెట్ట చేను ఉండేది. అయితే జొన్న నూర్పిళ్లు మొదలైతే ఆయన చేను సంగతి ఎవరికీ పట్టేది కాదు, ఆయన గొంతు కోసం కాచుకునేవాళ్లు. కళ్ళంలో రాశి కొలవడమంటే కుంచంతో ఎత్తి పోయడం ఒక్కటే కాదు. కొలిచేవాడు పాడాలి. ఒక కుంచం పడ్డాక ఇంకో కుంచం పడేదాకా ఆ అంకెనే సాగదీస్తూ ఉండాలి, లేకుంటే లెక్క తప్పుతుంది. పైగా మొదటి కుంచాన్ని "ఒకటి" అనకూడదు. అంటే రాశి తరిగిపోతుందని భయం. అందుకే "లాభం... లాభం... లాభమో..." అని ఎత్తుకొని, అక్కడి నుంచి "రెండు... రెండో..." అని పోవాలి. ఆ పాట సాగినంతసేపూ కళ్ళంలో పెద్దమనుషులు కూడా దగ్గును మింగుకునేవాళ్లు.

తిమ్మయ్యకు నడుం పట్టేసిన ఏడు ఓబులేసు కుంచం అందుకున్నాడు. చెయ్యి వణకదు, గొంతు తడబడదు. ఆ గొంతు వాగు దాటి అవతలి చేలకు వినిపించేది. రైతూ, గింజలు కొనడానికి వచ్చిన సావుకారూ ఇద్దరూ ముఖాలు మాడ్చుకోకుండా ఇంటికి పోవడం అతను కొలిచిన కళ్ళాల్లోనే జరిగేది.

చిక్కేమిటంటే, ఓబులేసు ఎస్.ఎస్.ఎల్.సి. గట్టెక్కినవాడు. కుంచం ముంచిన ప్రతిసారీ, తనతో చదివినవాళ్లెవరైనా ఆ దారిన పోతున్నారేమోనని ఓరకంట చూసుకునేవాడు. అచ్చులో ఏది కనబడినా చదివేవాడు, బెల్లం చుట్టి ఇచ్చిన కాగితాన్ని కూడా వదిలేవాడు కాదు. చదువుకు తగ్గ పని కావాలి. ఆ పనికి చేతులున్న కుర్చీ ఒకటి ఉండాలి. కాలు నిలవని మనిషి కుర్చీని ఏం చేసుకుంటాడని ఇరవై రెండేళ్ల వయసులో తనను తాను ఎవరడుగుతారు?

కర్నూలు రాజధాని అయింది. ఆఫీసులకు కట్టడాలు చాలక గుడారాలు వేశారు. మేనమామ సుబ్బయ్య ఎవరెవరినో పట్టుకొని ఒక గుడారంలో తాత్కాలిక గుమాస్తాగా అతన్ని కుదిర్చాడు. కుర్చీ ఇచ్చారు, దానికి చేతులు కూడా ఉన్నాయి. కానీ ఆ గుడారంలో అందరూ నోరు కదపకుండా చదువుతున్నారు! ఓబులేసు పుట్టి బుద్ధెరిగాక మనసులో చదివిన పాపాన పోలేదు. ఒక మధ్యాహ్నం రహస్యమని రాసి ఉన్న కాగితం అతని బల్ల మీదికి వచ్చింది. సూపరింటెండెంటుగారిని దూరపు ఊరికి బదిలీ చేస్తున్నారట. ఓబులేసు శ్రద్ధగా చదివాడు, కళ్ళం గొంతుతో. గుడారమంటే గుడ్డే కదా! కాఫీకి పోయిన సూపరింటెండెంటు తిరిగొచ్చేసరికి పక్క గుడారం వాళ్లు వరసకట్టి ఆయనను ఓదార్చడం మొదలుపెట్టారు.

"నోరు మూసుకొని చదవలేవటయ్యా?" అని ఆయన అరిచాడు.

"మూసి చూసినానండీ. నోరు మూస్తే అర్థమవుతా లేదు" అన్నాడు ఓబులేసు, నిజాయితీగా.

ఆ కొలువు ఊడాక గుడ్డల అంగట్లో చేరాడు. అక్కడ మెత్తగా మాట్లాడమన్నారు. అదీ కుదరక ఇల్లు చేరాడు.

"కుంచం ఉండాది కదరా. ఏంటికి ఊళ్లు పట్టుకొని తిరుగుతాండావు?" అన్నాడు తిమ్మయ్య, నడుముకు వేణ్ణీళ్ల కాపడం పెట్టించుకుంటూ.

"తూకం కాటాలు వస్తాండాయి నాయనా. శెనక్కాయల సావుకార్లు ఇప్పుడే కుంచం వద్దంటాండారు. ఈ పాట ఇంకెన్నాళ్లు వింటారు?"

"అయితే ఏం చేస్తావు?"

"అదే తెలిస్తే ఇట్ల తిరుగుతానా?" అన్నాడు కొడుకు, తిరుగుతూనే.

అట్లా తిరిగి తిరిగి, నందికొట్కూరు దాటి బండిబాట పట్టిపోతే వచ్చే ఒక పల్లెలో బోర్డు బడికి పంతులుగా తేలాడు. ట్రెయినింగు లేదు కాబట్టి అదీ తాత్కాలికమే. మట్టి మిద్దె కింద ఒకే గది, ఊరంతటికీ ఒకే కుర్చీ. మొదటిరోజు దానిలో దర్జాగా కూర్చొని హాజరు పిలిచాడు. సగం పేర్లు కాకముందే లేచి నిలబడ్డాడు. ఆనాటి నుంచి ఆ కుర్చీ అతని కండువాకు మాత్రమే పనికొచ్చింది. అతను గదిలో తిరుగుతుంటే పిల్లల తలలు వెంట తిరిగేవి. కూర్చుంటే నిద్రపోయే పిల్లలకు ఈ అయ్యవారితో నిద్రకు తీరిక దొరకలేదు. ఎక్కాలను కళ్ళం బాణీలో ఎత్తుకున్నాడు. వారం తిరిగేసరికి మేకల వెంట పోయే పిల్లలు కూడా మేకలను బడి గోడకు కట్టేసి లోపలికి వచ్చారు.

అతనికే వింతగా ఉండేది. ఎవరో ఒక పిల్ల 'ళ' రాయడం నేర్చుకుంటే, కుంచం నిండి అంచున గింజ నిలిచినప్పుడు కలిగే తృప్తే కలిగేది. అయినా మనసు కుదురుకోలేదు. ఈ పని తనదేనని ఎవరు చెబుతారు? ఇనస్పెక్టరు వచ్చి నాలుగు మంచి ముక్కలు రాస్తే ట్రెయినింగుకు పంపుతారు, ఉద్యోగం నిలుస్తుంది. రాయకపోతే మళ్లీ వసారా, మళ్లీ కోళ్లు.

జొన్నలు కళ్ళాలకు చేరిన రోజుల్లో ఇనస్పెక్టరు దావీదురాజు ఎద్దులబండిలో దిగాడు. నల్లకోటు, పొడిదగ్గు, తొందరలేని మనిషి. ముందు వరసలో ఉన్న నాగన్నను లేపాడు. వాడు ఊరి మోతుబరి పెద్ద ఈరన్న మనవడు.

"ఈ పలకలు లెక్కపెట్టు నాయనా."

నాగన్న పలక మీద పలక వేస్తూ ఎత్తుకున్నాడు: "లాభం, రెండు, మూడు..."

ఇనస్పెక్టరు చెవి ముందుకు పెట్టాడు. "ఇంకొకసారి చెప్పు." ఇంకొకసారీ అంతే. "అందరూ చెప్పండి" అంటే గదంతా ఒక్క గొంతుతో, "లాభమో... రెండో..." అని రాగం తీసింది.

"మూడులో ఒకటి తీసేస్తే ఎంతరా?"

నాగన్న గతుక్కుమన్నాడు. "ఆ మాట అనగూడదు సార్. తరిగిపోతాయి."

"ఇవి గింజలా? పలకలు కదా!"

"పలకలు తరిగినా మా అయ్యోరు ఊరుకోడు సార్."

గోడ వార తిరుగుతున్న ఓబులేసు ఉన్నచోటే ఆగిపోయాడు. ఇన్ని నెలలూ తాను మొదటి అంకెను అట్లాగే చెప్పించాడు. ఆ మాట తన చెవికి ఒక్కసారి కూడా తేడాగా తగల్లేదు. ఎస్.ఎస్.ఎల్.సి. చదివిన చెవి!

దావీదురాజు నవ్వలేదు. అదే భయం. "ఈ పొద్దుకు చావిట్లో పండుకుంటా. పొద్దున మళ్లీ వస్తా. పిల్లల నోట ఒకటి వినపడితే ట్రెయినింగుకు రాస్తా. వినపడకపోతే ఏం రాయాలో నువ్వే చెప్దువులే" అని దగ్గుకుంటూ పోయాడు.

ఆ సాయంత్రం ఓబులేసు కళ్ళాల మధ్య కాలు కాలిన పిల్లిలా తిరుగుతుంటే పెద్ద ఈరన్న పిలిచాడు.

"ఏమప్పా అయ్యోరా, బడిలో పంచాయితీ అంట కదా! మావోడు ఇంటికొచ్చి, అయ్యోరి ముఖం ఉడకబెట్టిన గెణుసుగడ్డ మాదిరి అయిపాయె అన్యాడు."

"అవునులే పెద్దాయనా."

"నీకేంటికప్పా ఈ తిప్పలు? మా ఊరి కళ్ళాలన్నీ నీవే అనుకో. నీ గొంతు శానా మంచి గొంతు. కూడూ గుడ్డా ఊరు చూసుకుంటాది. ఈడ ఏ ఇనస్పెట్టరూ రాడు."

మాట తియ్యగా ఉంది. తనతో చదివినవాళ్లెవరూ ఈ దారిన రారు. చేతనైన పని, పేరొచ్చే పని. సరేనందామని నోరు తెరిచాడు. అప్పుడే మేకలను తోలుకొస్తున్న పిల్లలు పన్నెండో ఎక్కం పాడుతూ ఏడు దగ్గర అడ్డదారి తొక్కారు.

"తప్పు!" అని ఓబులేసు చేలు అదిరేలా అరిచాడు. "పన్నెండేళ్లు ఎనభైనాలుగు! మొదటి నుంచి ఎత్తుకోండి!"

పిల్లలు ఆగి, దిద్దుకొని, మళ్లీ ఎత్తుకొని పోయారు. అతను వాళ్లు మలుపు తిరిగేదాకా పెదవులు కదుపుతూ చూశాడు. ఇటు తిరిగేసరికి పెద్ద ఈరన్న మీసం కింద నవ్వుకుంటున్నాడు. "సరేలేప్పా. నీ జవాబు వింటి" అన్నాడు.

తనకేం కావాలో తేలింది. కానీ ఒకటి అనడమెట్లా? తంగేడు చెట్ల చాటుకు పోయి ప్రయత్నించాడు. "ఒ..." అనగానే గొంతు దానంతటదే దిగిపోయేది, చూపు పక్కనున్న రాశి మీదికి పోయేది. చిన్నప్పుడు ఆ మాట నోట రాగానే తిమ్మయ్య వీపు మీద వేసిన దెబ్బ ఇంకా అక్కడే ఉన్నట్టుంది.

పొద్దున దావీదురాజు కండువా పక్కకు జరిపి కుర్చీలో కూర్చున్నాడు. ఓబులేసు మొదటి పలక ఎత్తాడు.

"చెప్పండి పిల్లలూ. ఒ..." దగ్గు వచ్చింది. మళ్లీ ఎత్తాడు. మళ్లీ దగ్గే. పిల్లలు నోళ్లు తెరుచుకొని చూస్తున్నారు. సాయం చేద్దామని నాగన్న గుసగుసగా "లాభం" అందించాడు. ఇనస్పెక్టరు జేబులోంచి కలం తీశాడు.

గడప దగ్గర కూర్చునే పిల్ల లేచింది. కూలికి పోయే విశ్వాసమ్మ కూతురు, జీవమ్మ.

"నేను చెప్తా అయ్యోరా. మాకు కళ్ళం లేదు. మాకు తరిగేదేముండాది?" అని, అతను నేర్పిన రాగంలోనే, మిద్దె మట్టి రాలేలా అందుకుంది: "ఒకటో...!"

పలక తరిగిపోలేదు, ఎక్కడిదక్కడే ఉంది. దావీదురాజు ఆ పిల్ల వైపు చూసి, ఆమె కూర్చున్న గడప వైపు చూసి, కలం మూత బిగించాడు. ఓబులేసుకు ఈ సిగ్గు ముందు నిన్నటి సిగ్గు ఒక లెక్కలోకి రాలేదు. ఉన్నవాళ్ల భయాన్ని తెచ్చి లేనివాళ్ల పిల్లకు కూడా నేర్పించాడు తాను. గొంతు సవరించుకోకుండానే "ఒకటో...!" అన్నాడు. బలంగానే వచ్చింది. నాగన్న ఒకసారి కిటికీలోంచి తాత కళ్ళం వైపు చూసుకొని, కళ్లు మూసుకొని తానూ అనేశాడు. గదంతా అందుకుంది.

"జీవమ్మా, ముందుకొచ్చి కూర్చో" అన్నాడు ఓబులేసు. ఆ పిల్ల వచ్చి నాగన్న పక్కన కూర్చుంది. వాడు కాస్త జరిగాడు. ఓబులేసు కాళ్లు వాటంతటవే నడక అందుకున్నాయి.

బడి వదిలాక దావీదురాజు బండెక్కుతూ అన్నాడు. "రాస్తాలే. కానీ ఈరన్న పొద్దున్నే వచ్చి, నూర్పిళ్ల దినాల్లోనన్నా నిన్ను కళ్ళానికి ఇమ్మని నన్నే అడిగినాడు. ఏమంటావు?"

"సెలవు దినాల్లో కొలుస్తా సార్. కాటాలు వచ్చేదాకా. బడి మాత్రం వదల్ను." ఓబులేసు బండి చక్రం చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. "సార్... ట్రెయినింగులో పొద్దంతా బెంచీల మీదే కూర్చోవాల్నా?"

"మరి? నిలబెట్టి చెప్తారా?"

"నేను నిలబడతా సార్."

ఇనస్పెక్టరు మొదటిసారి నవ్వాడు. "వెనక గోడకు ఆనుకొని నిలబడు. అడిగినోళ్లకు శిక్ష వేసినారని చెప్పుకో."

ఓబులేసు అచ్చంగా అట్లాగే చెప్పుకున్నాడు. ఆ ఏడు కర్నూల్లో అతనితో పాటు ట్రెయినింగు అయినవాళ్లు, అంతటి అల్లరివాడికి బడి ఎట్లా ఇస్తారోనని చివరిదాకా దిగులుపడుతూనే ఉన్నారు.