బీడీల చేటలో పావురొట్టె

మొన్న ఆదివారం నీలం నగర్‌లో మా కొడుకింట్లో, మనవరాలు కొత్తగా కొన్న ఓవెన్ ముందు కూర్చుని, గాజు గిన్నెలో రొట్టె ముక్కలూ పాలకూరా కలిపి లోపల పెట్టి, ఫోనులో చూసి దానికేదో పేరు చెప్పింది. ఆ పేరు నా నోరు తిరగలేదు గాని, వాసన రాగానే నా తల మాత్రం నలభై యేళ్లు వెనక్కి తిరిగింది. "బాపమ్మా, గిది ఎన్నడన్న తిన్నవా?" అని అడిగితే నవ్వాను. తినడం సంగతి సరే, దాన్ని పాడుచేయడంలో నన్ను మించినవాళ్లు అప్పట్లో మేముండే జోడ్‌భావి పేటలోనే లేరు.

మా అత్తగారింట్లో మగవాళ్లు మగ్గాల మీద బతికితే, ఆడవాళ్లం బీడీల మీద బతికేవాళ్లం. మగ్గాలకు సెలవున్న రోజున, పొద్దుటి పావురొట్టెలు దింపేశాక, మూలమీది బేకరీ ఆయన బట్టీ చల్లారేలోగా మా పేట ఆడవాళ్ల పళ్లాలు లోపలికి తోసేవాడు. వారానికి ఆ ఒక్క రోజే ఆ భాగ్యం. నిలవ పావులు మజ్జిగలో నానబెట్టి, పాలకూర, మెంతికూర, ఉల్లి, వెల్లుల్లి, దంచిన పల్లీల పొడి కలిపి, నూనె రాసిన పళ్లెంలో అదిమి, పైన ఎండు పావుల పొడి చల్లి పంపితే, అడుగున మెత్తగా, పైన కరకరలాడుతూ తిరిగొచ్చేది. పేరుకు పావే గాని ఇంటిల్లిపాదికీ నిండు భోజనం.

నేను కోడలిగా వచ్చిన మరుసటి యేడు మా మామకు పెద్ద జ్వరం వచ్చి తగ్గింది గాని, పోతూ పోతూ ఆయన ఆకలిని కూడా వెంటబెట్టుకుపోయింది. డాక్టరు బీడీ మానమంటే, ఆయన బీడీతో పాటు జొన్నరొట్టె, అన్నం కూడా మానేసి గోడకు తిరిగి పడుకున్నాడు. ఇలాగే ఉంటే దవాఖానాలో చేర్చాల్సిందేనని డాక్టరు చెప్పి వెళ్లాడు. ఆయన ఎన్నడూ కాదనని తిండి ఈ పళ్లెమొక్కటే. అత్త బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోవాలి కాబట్టి, "మంచిగ జెయ్యి పిల్లా, గిదన్న ఆయన నోట్లెకు పోవాలె" అని పని నాకు వదిలి వెళ్లింది. ఆ రోజుల్లో కోడలు మామ ఎదుట నిలబడేది కాదు, మాట్లాడేది అసలే కాదు. ఏడాదిగా ఆయన గొంతు నాకు గోడ అవతలిదే.

నావేమో కత్తెర తప్ప కత్తిపీట ఎరగని బీడీ చేతులు. పాలకూర ఆకులను ఒకదాని మీద ఒకటి పేర్చి, బీడీకి తునికాకు కోసినట్టే అన్నిటినీ ఒకే కొలతకు కత్తిరించి, ఆ చక్కదనానికి నాకు నేనే మురిసిపోయాను. ఆ మురిపెంలోనే ఎండు పావులు నలపడానికి చేతికందిన చేట లాక్కున్నాను. ఒడిలో బీడీల చేట పెట్టుకుని సంసారాలు ఈదిన వాళ్లకు నేను చెప్పాలా? ఎంత దులిపినా ఆ అల్లికలో తంబాకు పొడి ఎక్కడో ఓ మూల కూర్చునే ఉంటుంది. నేను దులపనైనా లేదు.

మధ్యాహ్నం బట్టీ నుంచి పళ్లెం కొంగుతో పట్టుకుని నేనే మోసుకొచ్చాను. అప్పటికి తిరిగొచ్చిన అత్త, మామను లేపి కూర్చోబెట్టి ఓ ముద్ద నోట్లో పెట్టింది. నేను తలుపు వెనక నిలబడ్డాను. ఆయన నమిలాడు, ఆగాడు, కళ్లు పెద్దవి చేశాడు.

"ఏందే గిది? డాక్టర్ బీడీ తాగద్దన్నడని కోడలు తినవెడుతున్నదా?"

అత్త చిటికెడు నోట్లో వేసుకుని తుపుక్కున ఉమ్మింది. "అయ్యో నా తల్లో, బీడీల చేటల నలిపినవానే! మనిషికి తిండి పెట్టుమంటె పొగ పెడితివి గదనే!"

అప్పుడు మామ నవ్వాడు. నెల రోజులుగా మూలగడం తప్ప ఎరగని మనిషి, దగ్గు ముంచుకొచ్చేదాకా నవ్వి, తలుపు వైపు తిరిగాడు.

"బిడ్డా, ఆడ దాసుకునుడు ఇగ సాలు, ఇటు రా. పైది గీకి పారెయ్యి, అడుగుది మంచిగనే ఉంటది. నువ్వే వడ్డియ్యి."

వెళ్లి, పై పొర గీకి పారేసి, అడుగున ఉన్న మెత్తటి ఆకుకూర ముద్దను గిన్నెలో పెట్టాను. మామ పళ్లెంలో నాలుగో వంతు తిన్నాడు. కాసేపు ఆగి ఇంకాస్త అడిగాడు. అత్త నన్ను తిడుతూనే ఉంది, తిడుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. మరునాడు జొన్నగటక అడిగాడు, వారం తిరిగేసరికి కర్ర పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు. దవాఖానా మాట మళ్లీ ఇంట్లో వినబడలేదు. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్లూ అత్త చేత చెప్పించకుండా నాకు చెప్పాల్సింది నాకే చెప్పాడు.

ఇప్పుడు ఆ బేకరీలో బట్టీ లేదు, ఎవరి పళ్లెమూ ఎవరూ కాల్చిపెట్టరు. కోడళ్లు మామల ఎదురుగా కూర్చుని చాయ్ తాగుతూ ముచ్చట్లు పెడతారు. ఆ కట్టుబాటు పోవడమే మంచిదైంది, నాకు సంతోషమే. కాని ఏడాదిపాటు గోడ అవతల విన్న గొంతు ఒక్కసారి మన కోసం ఇవతలికి వస్తే ఎలా ఉంటుందో వాళ్లకు ఎలా చెప్పను? ఈ వయసులో నన్ను అమ్మా అనేవాళ్లున్నారు, అత్తా అనేవాళ్లున్నారు, కడుపు నిండా తిండి ఉంది, దేనికీ కొరత లేదు. బిడ్డా అని పిలిచేవాళ్లే, ఒక్కొక్కరుగా, అందరూ వెళ్లిపోయారు.